వంటయిల్లు, జలదారి: బాగుచేయు విధము

గ్రామసభలో వీధి మోరీని గూర్చి మాట్లాడని వాడకట్టు లేదు. మోరీ పూడినదనియు, దోమలు పెరిగినవనియు, సిమెంటు మోరీ కట్టించవలెననియు ప్రతివారును అడుగుదురు. పంచాయతీ సభ్యులు వీధి పొడవున నడచి కొలతలు తీసికొని తీర్మానము వ్రాయుదురు. ఆ మురుగు ఎక్కడ పుట్టుచున్నదో చూచుటకు మాత్రము ఎవరును పెరటిలోనికి పోరు. అది పుట్టు చోట్లు ముఖ్యముగా రెండు. ఒకటి గిన్నెలు తోము జలదారి. రెండవది బట్టలు ఉతుకు బండ.

లెక్క చూచిన విషయము తెలియును. మిషన్ భగీరథ పథకము గ్రామములందు మనిషికి దినమునకు 100 లీటర్ల నీరు ఇచ్చుటకు ఉద్దేశింపబడినది. ఐదుగురున్న యింటికి 500 లీటర్లు. వాడిన నీటిలో నూటికి ఎనుబది పాళ్లు మురుగై వెలువడునని ఇంజనీర్లు లెక్క గట్టుదురు. అనగా ఒక యింటినుండి 400 లీటర్లు, 200 యిండ్లున్న పల్లెనుండి దినమునకు 80,000 లీటర్లు. ఐదువేల లీటర్ల ట్యాంకరును ప్రతిదినము పదునారు మార్లు తెచ్చి వీధిలో కుమ్మరించినట్లే. ఇంత నీటిని ఏ మోరీ మోయగలదు? మోసినను ఊరి చివర ఏ కుంటలో కలుపగలము? కావున యింటిలో తీరవలసిన పని యింటిలోనే తీరవలెను.

నల్లగొండ, పాలమూరు జిల్లాలు 2016లో పలు జిల్లాలుగా విడిపోయినవి గాని, వాని నేలయు, నీరును, యిండ్ల తీరును విడిపోలేదు. మన పాత యిండ్లు మట్టిగోడలపై గూనపెంకలు కప్పినవి. వంటయిల్లు వెనుకభాగమున చీకటి గది. పొయ్యిపొగ పెంకల సందులనుండి మెల్లగా బయటికి పోవుచుండెడిది. తరువాతి కాలమున పెంకలు తీసి స్లాబు వేసినారు. యిల్లు గట్టిపడినది, వానకు కారుట మానినది. అయితే కట్టెల పొయ్యి పాత మూలనే యున్నది. పొగ అంతయు ఉన్నది, దాని దారి మాత్రము మూతపడినది. స్లాబు వేయునాడు పైకప్పునకు ఒక గొట్టపు రంధ్రము విడువమని మేస్త్రీకి చెప్పువారు అరుదు. తరువాత స్లాబును పగులగొట్టుటకు ఎవరికిని మనసొప్పదు.

పొగలేని పొయ్యి మనకు క్రొత్త మాట కాదు. హైదరాబాదు రాష్ట్రముగా ఉన్న దినములలోనే హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టరు ఎస్. పి. రాజుగారు మట్టితో కట్టుకొనదగిన పొగలేని పొయ్యిని రూపొందించి, దానిని గురించి 1953లో ఒక పుస్తకము ప్రకటించినారు. ఆ పరిశోధనాలయము పేరుమీదనే దానికి హెర్ల్ పొయ్యి అని పేరు వచ్చినది. మంట ఒక్కచోట వేయగా వేడి మట్టికాలువవెంట సాగి వరుసగా రెండు మూడు పాత్రలను కాచి, మిగిలిన పొగ గొట్టముగుండా పైకి పోవును. ఆలోచన చక్కనిది. మన నేలమీద పుట్టినది.

అట్లయిన ఇంటింట ఎందుకు నిలువలేదు? గొట్టములో మసి పేరుకొన్నప్పుడు దులుపువారు లేకపోయిరి. పాత్ర మారినప్పుడు కన్నము పెద్దది చేసినారు. పాత్రకును కన్నమునకును నడుమ సందు ఏర్పడగా పొగ గదిలోనికే తిరిగివచ్చినది. 1983లో కేంద్ర ప్రభుత్వము దేశమంతట మెరుగైన పొయ్యిల కార్యక్రమము చేపట్టి, 2002 వరకు సాగించి, మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టించినది. అందును పెక్కింటికి ఇదే గతి పట్టినది. పొయ్యి పెట్టించిన దినమున ఫోటో తీసినవారు, గొట్టము దులుపవలసిన దినమున రాలేదు. ప్రచారశాఖలో పనిచేయువాడనగుటచేత ఈ మాట నాకును తగులును.

తరువాత గ్యాసు వచ్చినది. ఉమ్మడి రాష్ట్రమున 1999లో దీపం పథకము, దేశమంతటికి 2016లో ఉజ్వల పథకము ఆరంభమైనవి. నేడు సిలిండరు లేని యిల్లు తక్కువ. అయినను స్నానమునకు నీళ్లు కాచుటకు, జొన్నరొట్టె కాల్చుటకు, సిలిండరు ఖర్చు తగ్గించుకొనుటకు కట్టెపొయ్యి చాల యిండ్ల మిగిలియున్నది. కంది కట్టె, పత్తి కట్టె, తుమ్మ మొద్దు ఊరక దొరకునప్పుడు దానిని మానుమని చెప్పుట సులభము, వినుట కష్టము. ఇంటిలోని పొగవలన 2020లో ప్రపంచమందు సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. కావున కట్టెపొయ్యి ఉండవలసినదే యైన, దానిని వంటగదినుండి తీసి పెరటి చావడిలోనికో, మూడువైపుల గాలి ఆడు రేకుల పందిరి క్రిందికో మార్చవలెను. లోపలనే ఉంచువారు గొట్టమును కప్పుకంటె రెండు మూడడుగులు ఎత్తుగా లేపి, పైన వానటోపి పెట్టి, నెలకొకమారు కట్టెకు గోనెపట్టా కట్టి మసి దులుపవలెను.

గ్యాసు సిలిండరు ఉన్న గదిలో కట్టెపొయ్యి వెలిగించుట మాత్రము ఎంతమాత్రము కూడదు. ఈ గ్యాసు గాలికంటె బరువైనది. కారినయెడల పైకిపోక నేలమీద పరచుకొనును. కావున వంటగది గోడ అడుగున, నేలకు ఆనుకొని, ఒక జాలీ కన్నము ఉండవలెను. పైనున్న కిటికీ పొగకు, ఆవిరికి పనికివచ్చును గాని కారిన గ్యాసునకు పనికిరాదు. సిలిండరు ఎప్పుడును నిలువుగా ఉండవలెను. పొయ్యి దానికంటె ఎత్తున ఉండవలెను. రబ్బరు గొట్టమును ఐదేండ్లకొకమారు మార్చవలెను.

వంటగట్టు ఎత్తును గురించి ఒక స్వానుభవము చెప్పెదను. మా యింట గట్టు కట్టించునపుడు మేస్త్రీ నన్ను గోడదగ్గర నిలువబెట్టి కొలత తీసికొన్నాడు. వంట చేయునది మా అమ్మ. ఆమె నాకంటె జానెడు పొట్టి. గట్టు సిద్ధమైన తరువాత, దానిపై పొయ్యి పెట్టగా, అన్నపు గిన్నెలోనికి చూచుటకు ఆమె పీట వేసికొని ఎక్కవలసివచ్చినది. నూనె కాగుచుండగా పీటమీద నిలుచుట ఎంత అపాయమో వేరుగ చెప్పనక్కరలేదు. వంట చేయు స్త్రీ నిలుచుండి మోచేయి మడచినప్పుడు, పొయ్యిమీది గిన్నె అంచు ఆ మోచేతికి కొంచెము దిగువగా ఉండవలెను. సాధారణముగా రెండున్నర అడుగుల గట్టు చాలును. కొలత మాత్రము ఆమెదే కావలెను.

ఇక నీటి మాట. ఇది మన ప్రాంతమున ప్రాణముతో ముడిపడిన విషయము. మన నేల అడుగున నల్లరాతి పొరలు కలవు. ఆ రాతినుండి ఫ్లోరైడు కరిగి బావులలోనికి, బోర్లలోనికి వచ్చును. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన నీరు త్రాగదగదని మన దేశపు ప్రమాణము. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతముల పండ్లు గారపట్టిన పిల్లలను, నడుము వంగిన పెద్దలను చూచినవారికి ఇంతకంటె చెప్పనక్కరలేదు. నాగపూరు పరిశోధన సంస్థ పటిక, సున్నములతో ఫ్లోరైడును తీయు పద్ధతిని కనిపెట్టి దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టినది. మన జిల్లా పేరు ప్రపంచమునకు తెలిసినది ఈ వ్యాధిమూలముననే యనుట మనసునకు కష్టమే.

ఇప్పుడు భగీరథ కుళాయిద్వారా కృష్ణానీరు ఇంటికి వచ్చుచున్నది. అయినను అనేక గృహములలో త్రాగుటకు మాత్రము ఆ నీరు పట్టి, పప్పు, అన్నము బోరునీటితో వండుచున్నారు. మరిగిన దోషము పోవునని నమ్మకము. మరిగించినచో సూక్ష్మజీవులు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలినదానిలో అది చిక్కనగును. పప్పుతోపాటు కడుపులోనికే పోవును. కావున వంటయిల్లు బాగుచేయువారు మొదట చేయవలసినది రెండు నీళ్లను వేరుచేయుట. వంటగట్టు ప్రక్కన భగీరథ నీటి పాత్ర, మూతతోను, ముంచుటకు కాడగల చెంబుతోను ఉండవలెను. బోరునీటి గొట్టము వంటయింటిలోనికి రానేరాదు. అది తిన్నగా జలదారికి, ఉతుకుబండకు పోవలెను. బట్టలకు, గిన్నెలకు ఆ నీరు హాని చేయదు. బోరునీరు కఠినమైనదై సబ్బు నురుగురానీయదు, అంతియే.

కుళాయి విషయమున మరియొక పొరపాటు కలదు. నీరు బలముగా రాలేదని కొందరు కుళాయిచుట్టు గొయ్యి త్రవ్వి, గొట్టమును కోసి, గోతిలో బిందె పెట్టి పట్టుదురు. ఆ గోతిలోనికే జలదారి నీరు దిగును. సరఫరా ఆగినప్పుడు గొట్టము ఆ మురుగును లోనికి పీల్చును. మరునాడు కుళాయి విప్పగా మొదట వచ్చునది అదియే. ఒక యింటి గొయ్యి వీధి అంతటికి వాంతులు, విరేచనములు తెచ్చుటకు చాలును. ఇట్టి గోతులను పూడ్పించి, కుళాయిని నేలకు రెండడుగుల ఎత్తున గట్టుమీద నిలుపుట పంచాయతీ తప్పక చేయించదగిన పని.

జలదారిని, ఉతుకుబండను కలిపి ఒకే గచ్చుమీద కట్టుట మేలు. ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు సరిపోవును. చుట్టు అరడుగు కట్ట వేయవలెను. నాలుగడుగులకు ఒక అంగుళము వాలు ఉండవలెను. నునుపు పలకలు వేయరాదు. సబ్బునీటిపై కాలుజారి తుంటి విరిగిన వృద్ధులు ప్రతి ఊరను కలరు. తాండూరు బండను మెరుగుపెట్టక, గరుకువైపు పైకుంచి పరచవలెను. ఉతుకుబండను నేలపై పెట్టి వంగి ఉతుకుట మన అలవాటు. దానిని రెండున్నర అడుగుల దిమ్మెపై నిలిపినచో నిలుచుండి ఉతుకవచ్చును. నడుమునొప్పి సగము తగ్గును. ఒకప్పుడు ఈ నేలమీద దొరల గడీల బట్టలు ఉతుకుట వెట్టి. ఆ వెట్టి పోయినది గాని, ఇంటి ఆడవారి నడుము వంగుట పోలేదు.

ఉతికిన బట్టలు ఆరవేయు దండెము ఇంకను గట్టిగా చెప్పవలసినది. ఇనుపతీగ దండెమును ఒకవైపు రేకుల యింటి ఇనుప గుంజకు, మరియొకవైపు కరెంటు స్తంభమునకు కట్టుదురు. ఇంటికి వచ్చు సర్వీసు తీగ ఒరిసి పైతొడుగు చిరిగినచో ఆ గుంజకు, గుంజనుండి దండెమునకు విద్యుత్తు ప్రాకును. తడిబట్టతో తీగను తాకిన తల్లి పడిపోవును. ఆమెను పట్టుకొన్న కొడుకును పడిపోవును. వానకాలమున పత్రికలలో ఇట్టి వార్త చదువని సంవత్సరము లేదు. నైలాను త్రాటి ఖరీదు ఎంత? సభ్యులు తమ వార్డులో ప్రతి పెరటికిని ఒకమారు పోయి, ఇనుప దండెములను తీయించినచో అంతకుమించిన పని ఆ సంవత్సరమున మరియొకటి చేయనక్కరలేదని నా అభిప్రాయము. బట్టలుతుకు యంత్రము కొన్నవారు దానికి మూడుకాళ్ల ప్లగ్గు, నేలతీగ, విద్యుత్తు కారిన వెంటనే సరఫరాను ఆపు స్విచ్చి పెట్టించవలెను. తడి కాళ్లతో తాకరాదు.

మురుగు పోవుటకు ఇంకుడుగుంత. నాలుగడుగుల పొడవు, వెడల్పు, లోతుగల గుంతను రాళ్లతో నింపినను, రాళ్ల సందులలో సుమారు 700 లీటర్ల నీరు పట్టును. అడుగున పెద్దరాళ్లు, పైన చిన్నవి వేయవలెను. నీరు గుంతలో పడుటకు ముందు ఒక చిన్న తొట్టిలో నిలిచి, మెతుకులు, జిడ్డు, బురద అందులోనే ఆగునట్లు చేయవలెను. ఈ తొట్టిని వారమునకొకమారు ఎత్తివేయకున్న గుంత ఏడాదిలో పూడును. త్రాగునీటి బావికి, చేతిపంపునకు 50 అడుగుల దూరము ఉండవలెను. మరుగుదొడ్డి నీరు ఇందులోనికి రారాదు.

అన్ని నేలలు నీటిని త్రాగవు. చెల్క నేల, దుబ్బ నేల చక్కగ పీల్చును. రేగడి నేల ఉబ్బి మూసికొనును. అడుగున పరుపుబండ ఉన్నచోట గుంత కుండవలె నిండి నిలుచును. ఉపాధిహామీ పనులలో త్రవ్విన గుంతలు కొన్ని ఇట్లే దోమల తొట్లయినవి. త్రవ్వుటకు ముందు అడుగులోతు గొయ్యి తీసి, సాయంకాలము నీరు నింపి, ఉదయము చూడవలెను. నీరు మిగిలియున్నచో అక్కడ గుంత వలదు. అట్టివారు జాడించిన నీటిని అరటి, కొబ్బరి పాదులకు మరల్చుకొనవచ్చును. మొదటి సబ్బునీటిని మాత్రము ఒకే పాదుకు ప్రతిదినము పోయరాదు. అందలి సోడా నేలను చవుడు చేయును.

డబ్బు చాలనివారు దేనిని ముందు చేయవలెనని అడుగుదురు. దండెము మార్చుటకు, నీళ్లు వేరుచేయుటకు దాదాపు ఖర్చులేదు. ఇవి ఈ వారమే చేయదగినవి. తరువాత మురుగు, తరువాత పొయ్యి. గట్టుపై మెరుగురాయి అన్నిటికంటె చివర. మన గృహస్థులలో పెక్కురు రాయితో మొదలుపెట్టుదురు.

కట్టుబడికి సంక్రాంతి దాటినది మొదలు ఉగాదివరకు మంచి కాలము. పొలముపని తగ్గియుండును, మేస్త్రీలు దొరకుదురు, నీరు ఇంకను కరవుకాదు. సిమెంటు గచ్చును కనీసము ఏడుదినములు తడిపి ఉంచవలెను. ఆ ఏడుదినములు వంట వేపచెట్టు క్రింద చేసికొనవచ్చును.