అగ్నిముఖానికి అగ్నియే మందు

శివుడు కొండనెక్కినా, విష్ణువు శేషునిపై పవళించినా అది నల్లిబాధ తాళలేకనే సుమా అని తెలుగు చాటుకవి ఒకడు చమత్కరించాడు. పంచతంత్రంలోని నల్లికి అగ్నిముఖమని పేరు. అది రాజు పాన్పులో గుట్టుగా బ్రతుకుతున్న పేనును బ్రతిమాలి చోటు సంపాదించి, వేళగాని వేళ రాజును కుట్టి, సందున దూరి తప్పించుకొన్నది. భటులు వెదకి చంపినది పేనును! నేటికీ మన ఇండ్లలో జరుగుతున్నది ఇంచుమించు ఇదే. నల్లి పగుళ్ళలో క్షేమంగా ఉంటుంది. దానికై చల్లిన విషం పసివారి పక్కలకు అంటుతుంది.

మంగళగిరి వంటి నేతపట్టణంలో ఈ మాటకు బరువెక్కువ. నేతగాని ఇంట గుంటమగ్గం, పడక, వంట ఒకే కప్పు క్రింద ఉండడం కద్దు. అచ్చట విషం చల్లితే నూలుకు, అన్నానికి, ఊపిరికి కూడ చల్లినట్లే. పైగా ఆ విషానికి నల్లి లొంగుతున్నదా అంటే అదీ లేదు. రెండవ ప్రపంచయుద్ధానంతరం డి.డి.టి.తో నల్లిపీడ విరగడైనదని లోకం సంతోషించింది. కాని 1947 నాటికే హవాయి దీవుల సైనికుల బసలలో ఆ మందుకు చావని నల్లులు కనబడినవి. తరువాతి మందులకు కూడ అవి క్రమంగా అలవాటుపడినవి.

వేడి ముందు మాత్రం వాటి ఆటలు సాగవు. 45 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో పెరిగిన నల్లి చావడానికి సుమారు గంటన్నర, గ్రుడ్డు చెడడానికి సుమారు ఏడు గంటలు పట్టునని పరిశోధకులు కనుగొన్నారు. 50 దాటితే నల్లి నిమిషాలలో చస్తుంది. 55కు చేరితే గ్రుడ్డు కూడ మిగలదు.

అట్లయితే రోళ్ళు పగిలే రోహిణీకార్తె ఎండలో వేసిన పరుపులో నల్లి ఏల బ్రతుకుతున్నది? ఎండ పైపొరను కాల్చును గాని దూది లోపలికి దిగదు. నల్లి నీడవైపునకు నడచిపోతుంది. వేడి లోతుకు చేరవలెను, చేరి నిలువవలెను. రహస్యమంతా ఇందులోనే ఉన్నది.

ఈ రహస్యం మన చాకలికి ఏనాడో తెలుసు. సవుడులో ముంచిన బట్టలను ఉబ్బబానపై పేర్చి, ఆవిరిని మడతమడతకూ ఎక్కించేవాడు. మురికితోపాటు గ్రుడ్డు కూడ నశించేది.

ఇంట చేయదగినదీ అదే. బట్టలను గదిలోనే సంచిలో మూటగట్టి వెలుపలికి తేవలెను. లేకున్న నల్లులు దారిపొడుగునా రాలుతాయి. రంగు దిగని నూలుబట్టలను, దుప్పట్లను మరిగే నీటిలో అరగంట ఉంచవలెను. మంగళగిరి జరీ అంచు చీరను మాత్రం ఉడికించరాదు. పలుచని గుడ్డ అడ్డువేసి మడతలపై, కుట్లపై నెమ్మదిగా ఇస్త్రీ చేయవలెను. మంచపు కీళ్ళలో పెద్దలే జాగ్రత్తగా సలసల కాగే నీరు పోయవలెను. గ్రుడ్లు పొదగడానికి వారం పది దినాలు పట్టును గనుక, పదిదినాల పిమ్మట ఇదంతా మరల చేయవలెను. గదిలో నిప్పుల కుంపటి పెట్టి వేడిచేయబోవడం ప్రాణాంతకం. ధాన్యానికి వాడే విషపు బిళ్ళలను పడకగదిలో ఉంచడం అంతకన్న ఘోరం.

ఇక మిగిలినది సిగ్గు. వసతిగృహంలో తన పెట్టెలో నల్లి కనబడితే విద్యార్థి నోరు విప్పడు; నలుగురూ నవ్వుదురని భయం. ఆ మౌనమే నల్లికి పెట్టనికోట. ఒక పెట్టెలోనిది క్రమంగా ఇతర గదులకూ ప్రాకుతుంది. నల్లి పేదరికానికి గుర్తు కాదు, అశుచికీ గుర్తు కాదు. రాజు పాన్పులోనే చోటు సంపాదించినది గదా! ఉపాధ్యాయుడు తరగతిలో ఈ ఒక్కమాట చెప్పగలిగితే, పిల్లవాడు ధైర్యంగా పెట్టె తెరుస్తాడు. పొయ్యి మీద నీళ్ళు కాగడానికి ఆ తరువాత ఎంతోసేపు పట్టదు.