ఇంజన్ అసలుదా, అంకెలు కొట్టించినదా? అమెరికా ‘మజిల్ కార్ల’ బేరంలో ధర నిర్ణయించేది ముద్రే

(మా వాణిజ్య విలేకరి)

అమెరికాలో పాత మోటారు కార్ల వేలం పాటల్లో ‘నంబర్లు కలిసిన బండి’ అనే మాట తరచు వినిపిస్తుంటుంది. ఆ మాట ఉన్న బండికీ లేని బండికీ ధరలో వ్యత్యాసం హెచ్చు. రంగు, సీట్ల తోలు, క్రోమియం మెరుగు వంటివి డబ్బు పెడితే మళ్లీ సమకూరుతాయి. ఫ్యాక్టరీలో ఆ బండికే బిగించి పంపిన ఇంజన్ ఒకసారి చేజారితే దానికి ప్రత్యామ్నాయం లేదు. సరఫరా పెరగడానికి వీల్లేని సరకు ఎక్కడ ఉంటే అక్కడ నకిలీ పుట్టడం సహజం. ఇక్కడ నకిలీ చేసేది ఇంజన్‌ను కాదు, దాని మీది అంకెలను.

మధ్యతరహా రెండు తలుపుల కారులో పెద్ద వి-8 ఇంజన్ పెట్టి, కుర్రకారుకు అందుబాటు ధరలో అమ్మిన బండ్లకు మజిల్ కార్లని పేరు. 1964 మోడల్ పాంటియాక్ జి.టి.ఓ.తో ఈ వరస మొదలైందని సాధారణంగా లెక్క. బీమా ప్రీమియంలు, పొగ నియంత్రణ నిబంధనలు, ఆపైన 1973 చమురు సంక్షోభం కలిసి ఆ గిరాకీని పడగొట్టాయి. తర్వాత కొన్నేళ్లపాటు ఇవి కేవలం పెట్రోలు తాగే పాత బండ్లు. పందాల్లో ఇంజన్లు పగిలాయి. పగిలినచోట దొరికిన ఇంజన్ వేసి నడిపారు. తీసిన దిమ్మను దాచిపెట్టాలన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ లేదు. ఈనాటి కొరతకు కారణం అదే.

ధరలు ఎక్కడినుంచి ఎక్కడికి పోయాయో చూడదగ్గది. 1970లో ప్లిమత్ కుడా కారుకు 426 ఘనపు అంగుళాల హెమీ ఇంజన్ కావాలంటే అదనంగా చెల్లించవలసింది సుమారు 871 డాలర్లు. 1971 మోడల్ హెమీ కుడా, టాప్ మడిచే రకం, 2014 జూన్‌లో సియాటిల్‌లో మీకమ్ సంస్థ వేలంలో 35 లక్షల డాలర్ల దగ్గర పాట నిలిచింది. ఇంత సొమ్ము చేతులు మారేచోట ముద్ర చదవడం రానివాడు బేరానికి దిగరాదు.

షెవర్లే ఇంజన్‌ను ఉదాహరణగా తీసుకుంటే, దిమ్మ మీద చూడవలసినవి నాలుగున్నాయి. మొదటిది పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చే అచ్చు నంబరు. దీన్నిబట్టి దిమ్మ ఏ రకమో తెలుస్తుందే తప్ప ఏ బండిదో తెలియదు. 3970010 అనే నంబరుగల 350 ఘనపు అంగుళాల దిమ్మలు 1969 నుంచి 1970 దశకం చివరిదాకా వచ్చాయి. కార్లలోనూ ఉన్నాయి, ట్రక్కుల్లోనూ ఉన్నాయి. కనుక ‘అచ్చు నంబరు సరిపోయింది’ అని అమ్మకందారు చెబితే అతను చెప్పింది దాదాపు ఏమీ లేదు.

రెండోది పోత తేదీ. నెలకు ఒక అక్షరం, తర్వాత రోజు, చివర సంవత్సరం. సి 14 9 అంటే మార్చి 14, సంవత్సరం 9. సంవత్సరానికి తరచు ఒక్క అంకే ఉండడం వల్ల 1969 దిమ్మా, 1979 దిమ్మా ఒకే తీరున కనిపిస్తాయి. పదేళ్ల తర్వాతి దిమ్మను ముందుదిగా చలామణీ చేయడానికి ఈ సందు చాలు. అయితే ఈ తేదీతోనే దొంగ దొరికే సందర్భాలూ ఉన్నాయి. ముందు దిమ్మ పోయాలి, తర్వాత ఇంజన్ కూర్చాలి, ఆ తర్వాతే కారు తయారు కావాలి. కారు పుట్టిన తేదీ తర్వాత పోసిన దిమ్మ ఆ కారుది కాజాలదు.

మూడోది ఇంజన్ కూర్చిన ముద్ర. సిలిండర్ హెడ్ ముందు అంచున చదునైన చిన్న జాగా ఉంటుంది, దాన్ని ప్యాడ్ అంటారు. దానిమీద టి 0212 సి.ఆర్.వి. అని ఉంటే టొనవాండా ఫ్యాక్టరీలో ఫిబ్రవరి 12న కూర్చినదనీ, 1970 షెవెల్ కారుకు ఇచ్చిన 450 హార్స్‌పవర్ ఎల్.ఎస్.6 ఇంజన్ అనీ, చేతి గేరు రకమనీ అర్థం. నాలుగోది కారు గుర్తింపు సంఖ్యలోని కొంత భాగం. దిమ్మను ఒకానొక బండికి ముడివేసేది ఇదొక్కటే.

ఇక్కడ ఒక కీలకం గమనించాలి. మూడో ముద్ర ఇంజన్ ఫ్యాక్టరీలో పడింది. నాలుగోది కారు బిగించే ఫ్యాక్టరీలో, వేరే పనివాని చేత, వేరే పంచితో పడింది. రెండింటి అక్షరాలూ ఒకే పోలికలో, ఒకే లోతులో, ఒకే వరసలో నీటుగా ఉంటే సంతోషించడం కాదు, సందేహించాలి. ఫ్యాక్టరీలో దిమ్మ పైతలాన్ని కోసే పనిముట్టు నిలువునా సన్నని గీతలు వదులుతుంది. అసలు ప్యాడ్ మీద అంకెల కింద ఆ గీతలు భూతద్దంతో కనిపిస్తాయి. పాత అంకెలు గీసేసి కొత్తవి కొట్టినవాడు ఈ గీతలను కూడా తిరిగి తెప్పించాలి. తెప్పించేవాళ్లూ లేకపోలేదు. ప్యాడ్ మీద దట్టంగా రంగు పూసి ఉంటే, తుడిచి చూపించమని అడగడం మర్యాద తక్కువేమీ కాదు.

దీనికి మరో పక్క ఉన్నది. ఇంజన్ బోరుకు వచ్చినప్పుడు చాలామంది దిమ్మ పైతలాన్ని కూడా ఫేసింగ్ చేయించారు. ఆ పనిలో ముద్రలు చెరిగిపోయాయి. మోసం ఊహే లేని యజమాని చేతిలో నిజంగా అసలు ఇంజనే ఉన్నా, ఇవాళ నిరూపించుకోలేడు. పక్కవాని నకిలీ మీద మాత్రం అంకెలు మిలమిలలాడుతుంటాయి. ఈ వ్యాపారంలో బాధాకరమైన అంశం ఇదే. కొందరు ‘ఉన్నదే తిరిగి కొట్టించాం’ అని సమర్థించుకునేది కూడా ఈ కారణం చూపే. నా అభిప్రాయంలో కొట్టించినవాడు ఆ సంగతి రాతపూర్వకంగా చెబితేనే ఆ వాదనకు విలువ. మూడో చేతికి వెళ్లేసరికి అంకెలు మిగులుతాయి, సంజాయిషీ మిగలదు.

ఇంజన్ పోయిన బండికి ధర ఎంత తగ్గించాలి? అన్ని కంపెనీలకూ ఒకే లెక్క కట్టేవారు నష్టపోతారు. 1970 క్రిస్లర్ బండ్లలో కారు గుర్తింపు సంఖ్యలోని అయిదో అక్షరం ఇంజన్‌ను చెబుతుంది. ఆర్ ఉంటే 426 హెమీ. ఫోర్డ్‌లోనూ ఇదే ఏర్పాటు. ఇంజన్ మారినా అది హెమీ బండిగా పుట్టిందనడానికి సాక్ష్యం బండి మీదే ఉన్నది. షెవర్లేలో 1972 మోడళ్ల ముందు వరకు ఆ సంఖ్యను బట్టి తెలిసేది వి-8 అవునా కాదా అన్నంతవరకే. మామూలు షెవెల్‌ను ఎల్.ఎస్.6 వేషం వేయించడానికి అడ్డు లేదు. అందువల్ల షెవర్లేలో అసలు ఇంజన్ పోతే, కాగితాలు కూడా లేకపోతే, తగ్గేది ఇంజన్ విలువ మాత్రమే కాదు, బండి జాతే సందేహంలో పడుతుంది.

1969లో 69 మాత్రమే తయారైన జడ్.ఎల్.1 కమారోల సంగతీ అంతే. అల్యూమినియం 427 ఇంజన్‌కే 4,160 డాలర్లు అదనంగా పడిన ఆ బండి గుర్తింపు సంఖ్య కూడా వి-8 అని తప్ప మరేమీ చెప్పదు.

కాగితాల్లో ఫ్యాక్టరీ బిల్డ్ షీట్ మేలైనది. సీటు స్ప్రింగుల్లోనో, పెట్రోలు ట్యాంకు మీదనో ఇరుక్కుని నేటికీ దొరుకుతుంటాయి. 1972 వరకు షెవర్లే ఇచ్చిన చిన్న లోహపు వారంటీ బిళ్ల కూడా పనికివస్తుంది. ఫోర్డ్‌కు మార్టీ రిపోర్టు, పాంటియాక్‌కు పి.హెచ్.ఎస్. సంస్థ పత్రాలు కంపెనీ రికార్డుల ఆధారంగా లభిస్తాయి. కాగితాలకూ నకిలీలున్నాయి గనుక కాగితం, ముద్ర, తేదీ మూడూ ఒకదానితో ఒకటి పొసగాలి.

మన దగ్గర రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఛాసిస్ నంబరుతోపాటు ఇంజన్ నంబరూ ఉంటుంది. అమెరికా టైటిల్ పత్రంలో సాధారణంగా కారు గుర్తింపు సంఖ్య మాత్రమే ఉంటుంది. ఆ సంఖ్యను చెరపడం, మార్చడం 1984 చట్టం ప్రకారం ఫెడరల్ నేరం. ‘నంబర్లు కలిసిన’ అన్న మాటకు మాత్రం చట్టంలో నిర్వచనం లేదు. తేదీకి సరిపడే వేరే ఇంజన్ పెట్టి కూడా ఆ మాట వాడేవారున్నారు. ఆ బండికిగాని పుట్టిన ఇంజనా అని విడిగా అడిగి, జవాబు బిల్లులో రాయించుకోవాలి. వేలంలో సరకును ఉన్నదున్నట్టుగా అమ్ముతారు కనుక పరిశీలన పాటకు ముందే ముగియాలి. కార్వెట్ పునరుద్ధర్తల సంఘం 1974 నుంచి బండ్లకు మార్కులు వేస్తున్నా, అది ఫ్యాక్టరీ తీరులో కనిపిస్తున్నదా అని చూడడమే తప్ప అసలుదన్న ధ్రువీకరణ కాదు.

బండి నుంచి విడివడి, వేరే బండి సంఖ్యతో ఎక్కడో షెడ్డులో పడి ఉన్న దిమ్మల బేరం మరీ విచిత్రం. పూర్తి ధర పెట్టగలవాడు లోకంలో ఒక్కడే, ఆ సంఖ్యగల బండి యజమాని. మిగిలినవారికి అది మామూలు దిమ్మ. అమ్మేవానికి ఆ ఒక్కడు ఎవరో తెలిస్తే ఒక ధర, తెలియకపోతే ఒక ధర. అందుకే బండి యజమానులు ఇలాంటి దిమ్మ కనబడినప్పుడు తమ పేరు, బండి సంఖ్య బయటపెట్టకుండా మధ్యవర్తి ద్వారా బేరం కుదుర్చుకోవడం మేలు.