పత్తిలో తల్లి పురుగును గుర్తుపట్టండి

రెండు తీతలు అయ్యాయి, ఇక పత్తికి భయం లేదనుకుంటున్నారా? గులాబీ రంగు పురుగు ఉద్ధృతి పెరిగేది ఇప్పుడే. బీటీ విత్తనమే కదా అని నిబ్బరంగా ఉండొద్దు. ఈ పురుగు బీటీకి తట్టుకునే శక్తి తెచ్చుకుంది. కాయ పైకి నున్నగానే ఉంటుంది, లోపల గింజ గుల్లవుతుంది. అందుకే ముందు తల్లి పురుగును కనిపెట్టాలి.

ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు పైరుకంటే అడుగు ఎత్తులో కట్టండి. ఎర కొనేటప్పుడు గులాబీ రంగు పురుగుదేనా అని అడిగి తీసుకోండి. ఎరను 3, 4 వారాలకొకసారి మార్చాలి. బుట్టలో పడేవి మగ పురుగులే.

గులాబీ రంగు పురుగు తల్లి చిన్నది, బూడిద కలిసిన గోధుమ రంగు, ముందు రెక్కలపై నల్లటి మచ్చలు. శనగపచ్చ పురుగు తల్లి దీనికంటే పెద్దది, లావుగా ఉంటుంది. లద్దె పురుగు తల్లికి ముందు రెక్కలపై తెల్లటి వంకర గీతలుంటాయి.

రోజూ పొద్దున్నే లెక్కపెట్టండి. వరుసగా 3 రోజులు బుట్టకు 8 చొప్పున పడినా, 20 పచ్చికాయలు కోసి చూస్తే రెండింట్లో పురుగున్నా ఆలస్యం చేయకండి. వ్యవసాయాధికారిని అడిగే మందు కొట్టండి.

నాలుగు కిలోల ఆశతో పైరును డిసెంబరు దాటించకండి. ఆఖరి తీత కాగానే గొర్రెలు, మేకలను తోలి మేపండి, కట్టె పీకేయండి. జంట గింజల్లో దాక్కున్న పురుగే వచ్చే ఏటి పంటకు శత్రువు!