బిరడా చెప్పిన మాట

1880ల తొలి రోజులు. ఇంగ్లండులోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థ తరఫున బీచమ్ టవర్ అనే ఇంజనీరు బేరింగుల రాపిడిని కొలుస్తున్నాడు. నాలుగు అంగుళాల లావు ఇరుసు. రైలుపెట్టెల్లో ఉన్నట్టే దాని నెత్తిన సగం గొట్టంలాంటి లోహపు తొడుగు, ఆ తొడుగు మీద బరువు. ఇరుసు అడుగుభాగం నూనె తొట్టిలో మునిగి తిరుగుతోంది. పైనుంచి నూనె పోస్తే ఎలా ఉంటుందో చూద్దామని తొడుగు నడినెత్తిన ఒక చిల్లు వేశాడు. యంత్రం తిప్పగానే, పైనుంచి లోపలికి దిగాల్సిన నూనె లోపలినుంచి పైకి ఉబికింది. బెండు బిరడా బిగించాడు. తన్నుకుని బయటికొచ్చింది. కొయ్య బిరడా కొట్టాడు. అదీ నిలవలేదు. ఇక లాభం లేదని ఆ చిల్లుకే ఒక ప్రెషర్ మీటరు తగిలించాడు. మీటరు మీద అంకెలు చదరపు అంగుళానికి 200 పౌన్ల దాకానే ఉన్నాయి. ముల్లు వాటినీ దాటిపోయింది. తొడుగు మీద మోపిన సగటు బరువు చూస్తే చదరపు అంగుళానికి 100 పౌన్లే.

ఇరుసు, తొడుగు ఒకదాన్నొకటి తాకడమే లేదన్నమాట. మధ్యలో వెంట్రుక కంటే పల్చటి నూనె పొర బరువంతా మోస్తోంది. టవర్ 1883లో ఈ సంగతి నివేదించాడు. మాంచెస్టర్‌లోని ఆస్బర్న్ రేనాల్డ్స్ 1886లో కారణం చెప్పాడు. తిరిగే ఇరుసు తనతోపాటు నూనెను సన్నటి సందులోకి లాక్కుపోతుంది. ఇరుకులోకి దూరిన నూనెకు పోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగి, ఇరుసుకూ తొడుగుకూ మధ్య ఎడం తెస్తుంది. వానలో జోరుగా పోయే కారు టైరు కింద నీళ్లు దూరి పట్టు తప్పించేదీ ఇలాగే. రోడ్డు మీద అది ప్రమాదం, బేరింగులో అదే ప్రాణరక్ష.

ఇరుసుకు జిడ్డు కావాలని మనకు ఎద్దుబండి రోజులనుంచీ తెలుసు. ఆముదంలో గడ్డి కాల్చిన మసి రంగరించి కందెన చేసుకున్నాం. అయితే బండివాడికి మీటరు అక్కర్లేదు. కందెన తగ్గితే చక్రం కిర్రుమంటుంది, ఊరంతటికీ వినిపిస్తుంది. ఇంజను అలా అరవదు. లోపల నూనె సన్నగిల్లినా పైకి మామూలుగానే మోగుతుంది. చప్పుడు తేడా వచ్చేసరికి బేరింగు అరిగిపోయే ఉంటుంది. అందుకే నూనె లోపల చెప్పే మాటను బయటికి మోసుకొచ్చే దూత కావాలి.

టవర్ నాటికే ఆవిరి యంత్రాల మీద ప్రెషర్ మీటర్లు మామూలైపోయాయి. అంతకుముందు ఒత్తిడి కొలవడానికి పాదరసం నింపిన నిలువు గొట్టమే దిక్కు. ఒక వాతావరణ పీడనానికి 76 సెంటీమీటర్ల పాదరసం కావాలి. పదింటికి ఏడున్నర మీటర్లు. రైలింజను నెత్తిన రెండంతస్తుల గాజు గొట్టం నిలబెట్టుకుని ఎవరు తిరుగుతారు? పారిస్‌లో యూజీన్ బూర్దోన్ ఈ చిక్కు విప్పాడు. ఆవిరిని చల్లార్చే చుట్టల గొట్టం ఒకచోట నొక్కుకుపోతే, ఒక కొన మూసి రెండో కొననుంచి నీళ్లు బలంగా ఎక్కించారు. నొక్కు పోయి గొట్టం గుండ్రబడింది, దాంతోపాటు చుట్ట కూడా విచ్చుకోసాగింది. తిరునాళ్లలో పిల్లలు ఊదితే చుట్ట విప్పుకునే కాగితపు బూర గుర్తుందా? అచ్చం అదే. నొక్కిన లోహపు గొట్టాన్ని కొడవలిలా వంచి, కొనకు చిన్న పళ్లచక్రం, దానికి ఒక ముల్లు తగిలించి 1849లో పేటెంటు తీసుకున్నాడు. మన టైర్లకు గాలి కొట్టే షాపులోని గుండ్రటి మీటరులో నేటికీ ఉన్నది ఆ గొట్టమే.

నూనెను పంపుతో ఒత్తి బేరింగులకు పంపే పద్ధతికి 1890లో బర్మింగ్‌హామ్‌లోని బెల్లిస్ అండ్ మార్కమ్ కంపెనీ ఉద్యోగి ఆల్బర్ట్ చార్లెస్ పెయిన్ పేటెంటు తీసుకున్నాడు. అది జోరుగా తిరిగే ఆవిరి యంత్రాలకోసం. తర్వాత అదే పద్ధతి కారులోకి వచ్చింది, వెంటే బూర్దోన్ మీటరూ వచ్చింది. ఇంజనునుంచి సన్నటి గొట్టం డ్రైవరు ముందున్న మీటరు దాకా వచ్చేది, అందులో నూనే స్వయంగా వచ్చి తన సంగతి చెప్పేది. అబద్ధానికి తావు తక్కువ. కాకపోతే గొట్టం పగిలితే కాగిన నూనె డ్రైవరు కాళ్ల మీద పడుతుంది. ఈ భయంతో, ఖర్చు లెక్కతో, గొట్టం బదులు కరెంటు వైరు వచ్చింది. 1930ల్లో అమెరికాలో హడ్సన్ కార్లు మీటరునే తీసేసి ఎర్ర దీపం పెట్టాయి. అక్కడి డ్రైవర్లు దానికి పెట్టిన ముద్దుపేరు మూర్ఖుల దీపం. నూనె డబ్బా బొమ్మతో మన కార్లలో వెలిగే దీపం దాని వారసురాలే.

ఆ దీపాన్ని నమ్మక విడిగా మీటరు బిగించుకునే బండి ఒకటుంది, ట్రైక్ అనే మూడుచక్రాల మోటారుసైకిలు. మన ఆటోలాగే ముందు ఒక చక్రం, వెనక రెండు. చుట్టరికం అక్కడితో సరి. ముందు భాగం పొడుగాటి ఫోర్కుల మోటారుసైకిలు, వెనక భాగం కారు. అమెరికాలో, యూరప్‌లో ఇలాంటి బండ్లు చాలావాటికి ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇంజను గుండెకాయ. ఇంజను, గేరుబాక్సు, వెనక ఇరుసు ఒకే ముద్దగా ఊడొస్తాయి. గాలితో చల్లబడేది కనక రేడియేటరు గొడవ లేదు. 2003లో మెక్సికోలోని ప్యూబ్లాలో ఆఖరిది తయారయ్యేసరికి లెక్క 2,15,29,464 బీటిళ్లకు చేరింది, కాబట్టి ఇంజన్లకు కరువు లేదు. ఆ ఇంజనులో నూనె రెండున్నర లీటర్లే. జారుడుకే కాదు, వేడి లాగడానికీ అదే ఆధారం.

ఈ ఇంజనుకున్న స్విచ్చు, ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 2 నుంచి 6 పౌన్లకు పడిపోతే గానీ దీపాన్ని వెలిగించదు. మెకానిక్కుల మోటు లెక్క ప్రకారం ఇంజను వెయ్యి చుట్లకు 10 పౌన్లు ఉండాలి. నిమిషానికి 3,000 చుట్లతో పోయేటప్పుడు 30, అంటే మనం కారు టైర్లో కొట్టించే గాలంత. ఆ 30 కాస్తా 12కి దిగజారినా దీపానికి చీమ కుట్టినట్టుండదు. అందుకే విడిగా మీటరు కొని బిగించుకుంటారు.

పని మొదలయ్యేది పాత స్విచ్చు ఉన్న చిల్లు దగ్గర. పది మిల్లీమీటర్ల సన్న మర, కొసకు పోనుపోను సన్నబడే రకం. ఇంజను కేసు మెగ్నీషియం మిశ్రమం, పాన కాస్త గట్టిగా తిప్పితే చిట్లుతుంది. స్విచ్చు తీసి అక్కడ టీ జాయింటు పెడితే ఒక కొమ్మకు దీపం స్విచ్చు, రెండో కొమ్మకు కొత్త సెండరు, అంటే ఒత్తిడి కబురును వైరుగుండా మీటరుకు పంపే సాధనం. అయితే సెండరు బరువైన లోహపు డబ్బా. ఇంజను అదురుకు ఊగీ ఊగీ టీ మెడ విరిగితే, అసలు ఏ ప్రమాదాన్ని కనిపెట్టడానికి మీటరు పెట్టామో దాన్ని చేతులారా తెచ్చుకున్నట్టే. అనుభవమున్నవాళ్లు మధ్యలో వంగే హోసు వేసి సెండరును చట్రానికి బిగిస్తారు. అక్కడ ఇంకో మెలిక. ఒంటి వైరు సెండరుకు ఎర్త్ దాని ఒంటిగుండానే అందాలి. రబ్బరు హోసు కొసన, రంగు పూసిన చట్రం మీద కూర్చుంటే అందదు. విడిగా ఒక ఎర్త్ వైరు లాగాలి. అక్కణ్ణుంచి వైరు ఇగ్నిషన్ కాయిల్‌కు దూరంగా ఒదిగి, బండి పొడవునా పాకి, హ్యాండిల్ ఎక్కాలి. హ్యాండిల్ ఈ కొసనుంచి ఆ కొసకు తిప్పినా లాగకుండా మెడ దగ్గర కాస్త వదులు ఉంచాలి.

వైరు పట్టుకొచ్చే మాట ఏ భాషలో ఉందన్నది తర్వాతి ప్రశ్న. సెండరు లోపల నూనె ఒక పల్చటి రేకును నొక్కుతుంది, రేకు ఒక జారుడు ముక్కను కదుపుతుంది, కరెంటుకు అడ్డుపడే నిరోధం మారుతుంది. యూరప్‌లో వీడీవో కంపెనీ రకం సెండరు ఒత్తిడి లేనప్పుడు 10 ఓములు, 5 బార్ల దగ్గర, అంటే సుమారు 72 పౌన్ల దగ్గర, 180 ఓములు చూపిస్తుంది. అమెరికా రకం తల్లకిందులు, ఖాళీగా 240, నిండుగా 33. మనం తల అడ్డంగా ఆడిస్తే సరేనని, విదేశీయుడు కాదనుకుంటాడే, అలాగన్నమాట. అమెరికా మీటరుకు వీడీవో సెండరు తగిలిస్తే, నూనె బొట్టు లేని వేళ 10 ఓములు వస్తాయి, ముల్లు నిండు ఒత్తిడి చూపిస్తుంది. బండి నాశనమయ్యే క్షణంలో మీటరు భేషంటుంది.

జత సరిగ్గా కుదిరినా అనుమానం పోదు. వీడీవో రకంలో వైరు తెగితే నిరోధం అనంతం, ముల్లు కొసకు ఎగబాకుతుంది. అమెరికా రకంలో తెగితే సున్నా. తెగిన వైరుదీ నిజమైన ఒత్తిడిదీ ఒకే గొంతు. గొట్టంలో నూనే వచ్చిన రోజుల్లో లేని సందేహమిది.

దానికి మందు కొత్త ఎలక్ట్రానిక్ మీటర్లలో ఉంది. సిలికాన్‌ను నొక్కితే దాని విద్యుత్ నిరోధం బాగా మారుతుందని బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ స్మిత్ 1954లో ప్రకటించాడు. ఆ గుణంతో తయారయ్యే సెన్సర్లు 5 వోల్టులు తీసుకుని, ఒత్తిడి లేనప్పుడు అర వోల్టు, పూర్తిగా ఉన్నప్పుడు నాలుగున్నర వోల్టులు ఇవ్వడం ఇప్పుడు పరిపాటి. సున్నాకు సున్నా వోల్టులే ఇవ్వొచ్చుగా, అర వోల్టు ఎందుకు? బతికున్నానని చెప్పడానికి. వైరు తెగితే వోల్టేజి సున్నాకో ఐదుకో పోతుంది, రెండూ లెక్కకు బయటివే. ఒత్తిడి లేదనడం, నాకు మాట వినిపించడం లేదనడం వేరువేరని ముల్లుకు నేర్పింది ఆ అర వోల్టే.

బిగించాక తాళం తిప్పితే దీపం వెలగాలి. ఇంజను అందుకున్న కొద్ది క్షణాల్లో దీపం ఆరి, ముల్లు లేవాలి. చల్లటి నూనె చిక్కగా ఉంటుంది, ముల్లు బాగా పైకి పోతుంది. అది చూసి పొంగిపోనక్కర్లేదు. పంపు ఇచ్చేది నూనె ప్రవాహాన్ని, ఒత్తిడి పుట్టేది ఆ ప్రవాహానికి బేరింగు సందుల్లో ఎదురయ్యే అడ్డంకినుంచి. సందు పెరిగినా, నూనె పల్చబడినా ముల్లు దిగుతుంది. అరగంట తిరిగొచ్చి, వేడి మీద, స్లోలో చూసిన అంకే ఆ ఇంజను వయసు. దాన్ని ఒక కాగితం మీద రాసుకుని, ఆర్నెల్లకు మళ్లీ అదే వేడిలో చూస్తే మీటరు కొన్న డబ్బు గిట్టుతుంది. పాత దీపాన్ని మాత్రం పీకెయ్యకూడదు. వేరే స్విచ్చు, వేరే వైరు, కాబట్టి అది రెండో సాక్షి.

హ్యాండిల్ మీది గుండ్రటి మెరుపు అందరికీ కనిపిస్తుంది. వెనక, ఇంజను పక్కన, నూనె దారిలోకి తెరుచుకున్న ఆ చిల్లును ఎవరూ చూడరు. టవర్ కొట్టిన కొయ్య బిరడా పైకి లేచింది అలాంటి చిల్లులోంచే. ఇప్పటి బిరడా పైకి రాదు. కూర్చున్నచోటే కూర్చుని, తనను ఎంత బలంగా తోస్తున్నారో కబురు పెడుతుంది.