వెనక కమాను కష్టాలు

బండి ముందు స్ప్రింగుల బతుకు కాస్త నయం. ఇంజను బరువు మారదు కాబట్టి వాటి పనీ పెద్దగా మారదు. అవస్థంతా వెనక స్ప్రింగులది. పొద్దున ఖాళీ, మధ్యాహ్నం అరటన్ను సరుకు, సాయంత్రం మళ్లీ ఖాళీ. మెత్తగా చేస్తే బరువెక్కగానే తోక వాలిపోతుంది, హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల్ని వెతుకుతాయి, ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగు తేలిపోతుంది. గట్టిగా చేస్తే ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది.

19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో గుర్రపు బగ్గీలు తయారుచేసే ఒబడయా ఇలియట్, వంచిన ఉక్కు పట్టీల కట్టల్ని ఎదురెదురుగా జతచేసి పేటెంటు తీసుకున్నాడు. మోటారు బండ్లకు అందులో సగం చాలింది. మన మెకానిక్కులు కమాను కట్ట అనేది దాన్నే. 1941 నాటి విల్లీస్ జీపుకు నాలుగు మూలలా అవే. సైన్యం లెక్కలో అది పావు టన్ను బండి. 1940ల చివర్లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించారు. పాడేరు, అరకు ఘాట్లలో సర్వీసు జీపు ఎక్కినవాళ్లకు ఆ పావు టన్ను మాట వింటే నవ్వొస్తుంది. లోపల కూర్చున్నవాళ్లు ఎంతమందో వెనక వేలాడేవాళ్లూ అంతమంది.

అలాంటి బండి షాపుకొస్తే మేస్త్రీ ముందు చూసేది కట్ట వంపు. అది పోయి బల్లపరుపుగా అయితే కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు ఊడదీసి, పట్టీలు విడదీసి, మళ్లీ వంపు తెస్తాడు. ఇంకా బరువు వేస్తామంటే మరో పట్టీ చేరుస్తాడు. ఒకే మందమున్న అయిదు పట్టీలకు ఆరోది కలిస్తే గట్టిదనం ఇంచుమించు అయిదో వంతు పెరుగుతుంది. మందం పెంచితే మాత్రం లెక్క ఘనంలో నడుస్తుంది. పట్టీలన్నింటి మందం పావు వంతు పెరిగితే చాలు, కట్ట దాదాపు రెట్టింపు బిగుస్తుంది. ఇంతకన్నా తెలివైన దారి, అడుగున వంపు లేని మందపాటి పట్టీ ఒకటి పెట్టడం. ఖాళీ బండిలో దాని కొసలు పై పట్టీకి తగలవు. సరుకెక్కి కట్ట దిగాకే అది పనిలోకొస్తుంది. చాలా పికప్పుల్లో నేటికీ ఇదే పద్ధతి.

1970లో వచ్చిన రేంజ్ రోవర్ కమాన్లనే వదిలేసింది. ఇంజనీరు స్పెన్ కింగ్ బృందం నాలుగు చక్రాలకూ మెత్తని కాయిల్ స్ప్రింగులు పెట్టింది. మరి వెనక బరువు సంగతి? వెనక ఇరుసు మీద నడిమధ్యన బోగే హైడ్రోమాట్ అనే గొట్టంలాంటి యూనిట్ బిగించారు. ఈ మొత్తం కథలో నాకు ముచ్చటేసేది ఇదే. దానికి ఇంజను పంపు లేదు, కరెంటు తీగ లేదు. బండి కదలగానే ఎగుడుదిగుళ్లకు ఇరుసు పైకీ కిందికీ ఆడుతుంది. ఆ ఆటే లోపలి నూనెను తోడి ఒత్తిడి పెంచుతుంది. కొంత దూరం పోయేసరికి వాలిన తోక దానంతటదే లేస్తుంది, ఎత్తు సరిపోగానే ఆగుతుంది. గతుకుల్నే కూలికి పెట్టుకున్న యంత్రమన్నమాట! అది పాడయ్యాక చాలామంది తీసేసి గట్టి కాయిళ్లు వేసుకున్నారు. కాయిల్ గట్టిదనం తీగ వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. మిగతా కొలతలు మార్చకుండా 14 మిల్లీమీటర్ల తీగను 15 చేస్తే గట్టిదనం 32 శాతం పెరుగుతుంది.

ఇప్పుడు గాలి సంచుల కాలం. కాయిల్ లోపల సంచి దూర్చి బరువును బట్టి గాలి కొడతారు. అణిగేకొద్దీ లోపలి ఒత్తిడి పెరిగి సంచి తనే గట్టిపడుతుంది. సరుకు దించాక గాలి తగ్గిస్తే పాత మెత్తదనం వచ్చేస్తుంది. కమాను బండిలో దాన్ని ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య పెడతారు. చిక్కు అక్కడే. కమాను తన భారాన్ని ఛాసిస్‌కు రెండు కొసల దగ్గర అప్పగిస్తుంది. సంచి మాత్రం మధ్యలో ఒక్కచోటే పైకి నెడుతుంది. ఆస్ట్రేలియాలో నిండా సామాను వేసి, వెనక కారవాన్ తగిలించుకుని మట్టిబాటల్లో తిరిగిన డబుల్ క్యాబ్ పికప్పుల ఛాసిస్‌లు సరిగ్గా ఆ చోటే వంగిపోయిన సందర్భాలున్నాయి. తోక వాలితే బరువు ఎక్కువైందని డ్రైవరుకు తెలిసేది, సంచి ఆ గుర్తు కూడా లేకుండా చేసింది. ఇరుసు, బ్రేకులు, టైర్లు ఇంత మోస్తాయని కంపెనీ ప్లేటు మీద కొట్టిన అంకె గాలి కొడితే పెరగదు కదా. ఎప్పుడూ బరువుతోనే తిరిగే బండికైతే సంచి జోలికి పోకుండా, గట్టి కమాను కట్టే వేయించుకోవడం మేలు.