మూల తీస్తే దారి కనిపిస్తుంది

ముఖచిత్ర కథనం

కాలనీ సంఘాలు ట్రాఫిక్ మీద, ఖాళీ స్థలాల మీద ఏం చేస్తున్నాయో ముఖచిత్ర కథనంగా రాయమన్నారు సంపాదకులు. స్పీడ్ బ్రేకర్లు, సీసీ కెమెరాలు, పార్కులో వాకింగ్ ట్రాక్... ఏ కాలనీకి వెళ్లినా సంఘాల చిట్టా దాదాపు ఇదే. హైదరాబాద్‌లో ఉప్పల్ ఛాయల్లో ఉన్న ఒక పాత కాలనీలో మాత్రం సంఘం కోశాధికారి బీరువాలోంచి ఓ కాగితం తీసి బల్ల మీద పరిచారు. ఆ తర్వాత నాకు మిగతా చిట్టా మీద ధ్యాస నిలవలేదు. మూల ఇళ్లవారితో ఇంకా మాటలు నడుస్తున్నాయని, కాలనీ పేరు రాయవద్దని వారు కోరారు.

అది లేఅవుట్ కాపీ. నీలం రంగు బ్లూప్రింటు. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించారు. ప్లాట్ల నంబర్లు, 30 అడుగుల రోడ్లు, మధ్యలో అడ్డగీతలు గీసిన పార్కు స్థలం. ఎవరి చూపైనా ముందు పార్కు మీదికే పోతుంది. ఆవిడ వేలు మాత్రం రెండు రోడ్లు కలిసే చోట ఆగింది. అక్కడ మూల ప్లాట్లు నలుపలకలుగా లేవు. రోడ్డు వైపు కొన తెగి ఏటవాలుగా చిన్న గీత ఉంది. నాలుగు రోడ్లు కలిసిన ప్రతిచోటా అలాంటి గీతలు నాలుగు.

"ఈ ముక్క ఎవరింట్లోదీ కాదండీ, రోడ్డుది. ఇల్లు కొన్నప్పటి నుంచీ నాకూ తెలీదు" అన్నారు.

ఇంజినీర్లు దీన్ని స్ప్లే అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 భవన నిర్మాణ నియమాల్లో దీనికి కొలత ఉంది. రోడ్డు వెడల్పు 12 మీటర్ల లోపు ఉంటే మూల నుంచి రెండు వైపులా 1.5 మీటర్ల చొప్పున కొలిచి, ఆ రెండు బిందువులనూ కలిపి, బయటి ముక్కను వదిలేయాలి. 12 నుంచి 24 మీటర్ల రోడ్డయితే 3 మీటర్లు, ఆపైన 4.5 మీటర్లు. వదిలిన జాగా కూడలిలో కలిసిపోతుంది. కాలనీ రోడ్ల దగ్గర ఆ త్రికోణం చదరపు మీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. స్కూలు వ్యాను కోసం ఇద్దరు పిల్లలు బ్యాగులతో నిలబడేంత చోటు.

అంత చిన్న ముక్క ఏం చేస్తుంది? ప్రహరీ గోడ మూల కొస దాకా లేచిందనుకోండి. కారు నడిపేవారి కళ్లు బంపర్‌కు దాదాపు రెండు మీటర్లు వెనక ఉంటాయి. పక్క దారి కంటపడేసరికే బానెట్ కూడలిలో ఉంటుంది. అటు నుంచి సైకిల్ మీద వచ్చే పిల్లకు బానెట్టే ముందు కనిపిస్తుంది. ఆ తర్వాత మిగిలేది బ్రేకు మాత్రమే. మూల తెగి ఉంటే ఇద్దరూ ఒకరికొకరు ముందే కనబడతారు. హారన్ కొట్టే పని కూడా ఉండదు.

ఈ సంఘం కూడా మొదట స్పీడ్ బ్రేకర్లే అడిగింది. ఎక్కడెక్కడ కావాలో లేఅవుట్ మీద గుర్తు పెట్టి తెమ్మన్నారు వార్డు ఇంజినీరు. దాని కోసం వెతికితేనే ఈ బ్లూప్రింటు దొరికింది. గుర్తులు పెడుతుంటే వాళ్లకే అర్థమైంది, తాము బ్రేకర్ అడుగుతున్న చోటల్లా మూల మూసుకుపోయి ఉందని.

ఆదివారం పొద్దున టేపు, సుద్దముక్క పట్టుకుని బయల్దేరారు. నేనూ వెంట వెళ్లాను. ఓ మూల పూలకుండీలు, ఓ మూల ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక, ఇంకో మూల కవరు కప్పిన పాత స్కూటర్, పక్కన జనరేటర్. గోడ నుంచి గోడకు ఏటవాలుగా 2.12 మీటర్లు కొలిచి తెల్లగీత గీశారు. ఓ పెద్దాయన గేటు తెరిచి బయటికి వచ్చారు.

"ఇల్లు కట్టినప్పటి గోడమ్మా ఇది. ఇప్పుడొచ్చి కొలుస్తారా?"

"గోడ జోలికి రావట్లేదు అంకుల్. గోడ బయటి కుండీలు అటు జరిపితే చాలు. మీ మనవడు సైకిల్ తిప్పేది ఇక్కడేగా!"

ఆయన కాసేపు గీత వైపు చూసి, కుండీలు తానే జరిపించారు. అన్నిచోట్లా ఇంత సులువుగా జరగలేదు. ఒక ఇంట్లో తలుపు కూడా తీయలేదు. గోడే గీత దాటిన మరో ఇంటి యజమానితో చాలా రోజులు మాట్లాడి, రెండడుగుల పైనుంచి గోడ తీయించి ఇనుప గ్రిల్లు పెట్టించారు. నియమం ప్రకారం గోడ మొత్తం పోవాలి. అయినా ఈ రాజీ నాకు నచ్చింది. కోర్టు వాయిదాలు తేలేదాకా పిల్లలు కూడలి దాటకుండా ఆగరు కదా. వేపచెట్టు, పసుపు రాసిన రాయి ఉన్న మూలను ఎవరూ కదపలేదు. కిందికి వాలిన కొమ్మలు కొట్టించారంతే. చూపు ఆనడానికి అది చాలింది.

ఇదే సంఘం మీద నాకో ఫిర్యాదు ఉంది. రాత్రి పదింటికి వెనక వైపు రోడ్డు గేటు మూసేస్తారు. లేఅవుట్‌లో రోడ్లంటే స్థానిక సంస్థకు అప్పగించినవి, అందరివీ. గేటు అవతలి బస్తీ నుంచి ఇళ్లలో పనికొచ్చే ఆడవాళ్లు రాత్రి తిరిగి వెళ్లేటప్పుడు చుట్టూ తిరిగి పోవలసి వస్తోంది. మూల ముక్క రోడ్డుదని ఏ కాగితం చెప్పిందో, ఆ రోడ్డు అందరిదనీ అదే కాగితం చెబుతోంది. ఈ మాటే కమిటీ సభ్యులతో అన్నాను. దొంగతనాల భయం చెప్పారు. ఆ భయం నిజమే కావచ్చు. కాపలాదారుణ్ని పెట్టుకోవచ్చు, దారి మూయకూడదు.

అసలు ఆ కాగితం దొరకడమే ఎందుకు గొప్పో తెలియాలంటే చరిత్ర క్లుప్తంగా: 1908 మూసీ వరద తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. తర్వాత హౌసింగ్ బోర్డు కాలనీలు, సహకార గృహనిర్మాణ సంఘాలు, ఆ వెనక ఊళ్ల పొలాల్లో ప్రైవేటు వెంచర్లు వచ్చాయి. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు కలిసి జీహెచ్‌ఎంసీ అయింది. పంచాయతీ నుంచి మున్సిపాలిటీకి, అక్కడి నుంచి కార్పొరేషన్‌కు ఊళ్లు మారినప్పుడల్లా కాగితాలు చెల్లాచెదురయ్యాయి. అందుకే సంఘం బీరువాలో ఒక కాపీ ఉండటం అంత విలువైన సంగతి.

బ్రేకరంటే గుట్ట కాదు

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 మార్గదర్శకాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాని మీదుగా సాఫీగా పోవచ్చు. మన కాలనీల్లో రాత్రికి రాత్రి మిగిలిన కాంక్రీటుతో పోసే అడుగు వెడల్పు గుట్టకు, దీనికి పోలికే లేదు. ఆ గుట్ట మీద ఆటోలో వెళ్లే గర్భిణులకు, నడుంనొప్పి ఉన్న ముసలివారికి నరకం.

బెంగళూరు వాళ్లు గెలిచిన పార్కు

రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే అక్కడివారు కోర్టుకెక్కారు. హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం కాదంది, డివిజన్ బెంచి అవునంది. 1991లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు థామెన్, సహాయ్ నివాసుల పక్షానే తీర్పిచ్చారు. పార్కు కోసం ఆ చుట్టుపక్కల ఉండేవారు కోర్టుకు రావచ్చని చెప్పిన తీర్పు ఇది.

మీ కాలనీ కాపీ ఎలా?

ముందు మీ రిజిస్ట్రేషన్ దస్తావేజు తీసి చూడండి. లేఅవుట్ నంబరు చాలాసార్లు అందులోనే ఉంటుంది. ఆ నంబరు వేసి, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగానికి దరఖాస్తు పెట్టండి. జవాబుకు గడువు 30 రోజులు, మ్యాపు కాపీ ఖర్చు వేరు. పార్కో రోడ్డో ఆక్రమణలో ఉంటే, 2024 జులైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా సోమవారాల్లో బుద్ధభవన్‌లో జరిపే ప్రజావాణికి ఆ కాపీ జత చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. సంఘం లేకపోతే ఏడుగురు కలిస్తే చాలు, 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు.