వ్యర్థం కరుగుతుంది, లోహం మిగులుతుంది: కీటక దాణాలో కాడ్మియం

చేపల పొడికి, సోయా చెక్కకు ప్రత్యామ్నాయంగా బ్లాక్ సోల్జర్ ఫ్లై (హెర్మీషియా ఇల్లూసెన్స్) లార్వాలు నేడు విశేషంగా ఆకర్షిస్తున్నాయి. కూరగాయల తుక్కు, వంటింటి వ్యర్థాలు, పేడ వంటి వాటిని తిని ఇవి రెండు మూడు వారాలలో కోతకు వస్తాయి. ఎండబెట్టిన లార్వాలలో సుమారు 40 శాతం మాంసకృత్తులు, 30 శాతం వరకు కొవ్వు ఉంటాయి. కోళ్ల పరిశ్రమ, ఆక్వా సాగు విస్తరించిన తెలుగు రాష్ట్రాలలో రైతులకు ఈ విధానంపై ఆసక్తి కలగడం సహజం.

అయితే సేంద్రియ పదార్థం విచ్ఛిన్నమైనట్లు లోహం విచ్ఛిన్నం కాదు. వ్యర్థంలో ఉన్న కాడ్మియం, సీసం, ఆర్సెనిక్ లార్వాలోకైనా చేరాలి, మిగిలిన ఎరువులోనైనా ఉండాలి.

మూలకాన్ని బట్టి ప్రవర్తన

లార్వాలోని లోహ గాఢతను అది తిన్న పదార్థంలోని గాఢతతో భాగిస్తే వచ్చేది జీవసంచయన గుణకం. ఇది 1 దాటితే లోహం పేరుకుంటున్నట్లు. స్విట్జర్లాండ్ పరిశోధకులు 2015లో ప్రచురించిన ప్రయోగంలో ఈ ఈగకు కాడ్మియం గుణకం 2.3 నుండి 2.9 వరకు ఉండగా, సీసం, జింకు గుణకాలు 1 కంటే తక్కువగా ఉన్నాయి. 2016లో నెదర్లాండ్స్ పరిశోధకుల ప్రయోగంలో మాత్రం కాడ్మియంతోపాటు సీసం కూడా లార్వాలలో పేరుకుంది. అదే ప్రయోగంలో పసుపు మీల్‌వార్మ్‌లో పేరుకున్నది ఆర్సెనిక్. కనుక ఒక కీటకానికి, ఒక వ్యర్థానికి వచ్చిన ఫలితాన్ని మరొక దానికి అన్వయించరాదు.

కాడ్మియం అయాను పరిమాణంలో కాల్షియం అయానును పోలి ఉంటుంది. అందువల్ల అది కాల్షియం ప్రవేశించే మార్గాల గుండానే మధ్యాహారనాళ కణాలలోకి చేరుతుందని భావిస్తున్నారు.

ఒక చిన్న లెక్క

జంతు మూలం గల దాణా పదార్థాలలో కాడ్మియం కిలోకు 2 మిల్లీగ్రాములు మించరాదని ఐరోపా సమాఖ్య నిబంధన. ఇది 12 శాతం తేమ ప్రాతిపదికన చెప్పిన పరిమితి. పొడి బరువు ప్రాతిపదికన కిలోకు 1 మి.గ్రా. కాడ్మియం ఉన్న వ్యర్థంపై, గుణకం 3 అనుకొని, లార్వాలను పెంచితే వాటి పొడి పదార్థంలో 3 మి.గ్రా. ఉంటుంది. 12 శాతం తేమకు సరిచేసినా 2.6 మి.గ్రా.; అంటే పరిమితి దాటినట్లే. పైగా నూనె తీసినపుడు లోహం అధికభాగం మాంసకృత్తుల పొడిలోనే నిలిచి గాఢత ఇంకా పెరుగుతుంది.

మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణ కంపోస్టులో కిలోకు 5 మి.గ్రా. వరకు కాడ్మియాన్ని అనుమతిస్తుంది. నేలలో కలిసి పలచబడే ఎరువుకు ఉద్దేశించిన పరిమితి అది. ఆ ప్రమాణానికి సరిపోయిన వ్యర్థం లార్వాల పెంపకానికీ సరిపోతుందనుకోవడం ప్రమాదకరం.

పరీక్ష ఎక్కడ జరగాలి?

వేడి చేసి ఎండబెట్టడం వల్ల సూక్ష్మజీవులు నశిస్తాయే గాని లోహం తగ్గదు. కోళ్లలో, చేపలలో కాడ్మియం ప్రధానంగా కాలేయం, మూత్రపిండాలలో చేరుతుంది. మానవ మూత్రపిండాలలో చేరినది సగానికి తగ్గడానికి దశాబ్దాలు పడుతుంది. కనుక నియంత్రణ వ్యర్థం లోపలికి వచ్చే ద్వారం వద్దనే ఉండాలి. విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు ఈ క్రింది విషయాలు సూచించాలి.

• మూలం తెలిసిన కూరగాయల, పండ్ల వ్యర్థాలనే ఎంచుకోవాలి. బ్యాటరీలు, రంగులు కలిసే మిశ్రమ చెత్తను, మురుగునీటి బురదను వాడరాదు. ఐరోపాలో దాణాకై పెంచే కీటకాలకు పేడ, హోటళ్ల, వంటింటి వ్యర్థాలు పెట్టడమే నిషిద్ధం.
• వ్యర్థం మూలం మారిన ప్రతిసారీ వ్యర్థం, లార్వా, మిగిలిన ఎరువు మూడింటినీ పరీక్షించాలి. లార్వాలోకి చేరని సీసం ఎరువు ద్వారా పొలానికే చేరుతుంది.
• ఫలితం పొడి బరువుపైనా, తేమతోనా అన్నది నివేదికలో స్పష్టంగా ఉండాలి.

మేపు ప్రయోగాలు చేసే విద్యార్థులు బరువు పెరుగుదల, మేత వినియోగ సామర్థ్యంతో ఆగక కాలేయం, మూత్రపిండాల లోహ విశ్లేషణను కూడా చేర్చాలి. బాగా పెరిగిన కోడి సురక్షితమైన కోడి అని తూకం ఒక్కటే చెప్పలేదు.